కట్టమ్మ ఎవరి మనిషి

కట్టమ్మ జారిపడ్డ పొద్దున గృహసిరి మార్ట్ షట్టర్ ఇంకా సగమే లేచి ఉంది. పాల క్రేట్లు దించే వెనక గదిలోంచి బకెట్ దొర్లిన చప్పుడు, ఆ వెంటే "అవ్వో, నా కాలు!" అన్న కేక వినిపించాయి. స్టోర్ మేనేజర్ మల్లికార్జున్ చేతిలో తాళాలు కౌంటర్ మీద పడేసి లోపలికి ఉరికాడు. కూలర్ గుమ్మం ముందు, నీళ్లలో, ఆమె ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. కుడి పాదం ఉండాల్సిన వైపు లేదు.

ఆ నీళ్లు ఆ రోజు కొత్తగా వచ్చినవి కావు. వానాకాలం మొదట్లోనే కూలర్ కారడం మొదలైంది. మల్లికార్జున్ ఆ సంగతి కంపెనీ యాప్‌లో ఎక్కించేవాడు. హైదరాబాద్‌లో ఎవరో దాన్ని "పని పూర్తయింది" అని మూసేసేవారు. అతను మళ్లీ ఎక్కించేవాడు, వాళ్లు మళ్లీ మూసేసేవారు. మెకానిక్ మాత్రం రాలేదు. రోడ్డుకు అవతలే ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం ఉంది. బయటివాడు చెయ్యి పెడితే వారంటీ పోతుందని, అలా చేయించిన మేనేజర్ మీద చర్య ఉంటుందని కంపెనీ ముందే చెప్పి పెట్టింది. అందుకని కారే చోట ఒక బకెట్, ఆ బకెట్ పారబోయడానికి కట్టమ్మ.

ఆమె అల్లుడు మహిపాల్ ఆటో నడుపుతాడు. ఫోన్ చేసేసరికి కరీమాబాద్ నుంచి గాలిలా వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. మల్లికార్జున్ కూడా ఎక్కాడు.

"ఈఎస్ఐ దవాఖానకు పోనియ్ మహిపాల్. నెలనెలా జీతంల కటింగ్ అయితాంది గదా, అంతా ఫ్రీ ఉంటది."

ఈఎస్ఐ దవాఖాన కౌంటర్ దగ్గర కూర్చున్నాయన కార్డు నంబర్ కొట్టి చూసి, మళ్లీ కొట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఇది నడుస్తలేదు సార్. ఈమె పని చేసే కంపెనీ రెండేండ్ల కిందనే బంద్ అయినట్టున్నది."

"బంద్ అయిందా? గృహసిరి మార్టా?"

"గృహసిరి అని లేదు సార్ ఇండ్ల. వేరే పేరేదో ఉంది. ఇప్పుడున్న ఏజెన్సోళ్లు కొత్తగ ఎక్కియ్యాలె. వాళ్లు ఎక్కియ్యలేదు."

"మరి జీతంల కోత పెడుతున్న పైసలు?"

ఆయన జాలిగా చూశాడు. "అది ఏజెన్సోళ్లనే అడగాలె సార్."

కట్టమ్మ ఆటోలో పళ్లు బిగబట్టి కూర్చుని ఉంది. చివరికి సర్కారు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చున్నాక ఎక్స్‌రే తీసి, ఎముక రెండు చోట్ల విరిగిందని, పట్టీ వేసినా లాభం లేదని, లోపల రాడ్ వేయాలని చెప్పారు. నడవడానికి ఎంత లేదన్నా నాలుగు నెలలు పడుతుందన్నారు.

"నాలుగు నెలలా?" అంది కట్టమ్మ. నొప్పికి రాని కన్నీళ్లు ఆ మాటకు వచ్చాయి. "మరి నా పని?"

"పని ఏడికి పోదు. నేనున్న గద," అన్నాడు మల్లికార్జున్.

ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు.

మల్లికార్జున్‌కు కట్టమ్మ ఈనాటి మనిషి కాదు. వరంగల్ చౌరస్తా దగ్గర అతని తండ్రికి కిరాణా దుకాణం ఉండేది. ఆమె అక్కడ బియ్యంలో రాళ్లు ఏరేది, కందిపప్పు చెరిగేది. తండ్రి ధర్మప్రభువేమీ కాదు. ఒక పూట రాకపోతే ఆ పూట కూలి కోసేవాడు. పండక్కి ఒక చీర పెట్టి ఏడాదంతా చెప్పుకునేవాడు. కానీ దుకాణంలో ఎవరికి ఏం జరిగినా ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. గద్దె మీద ఒక్కడే మనిషి. ఇస్తే ఆయనే ఇవ్వాలి, తిడితే ఆయన్నే తిట్టాలి.

ఊర్లోకి పెద్ద పెద్ద మార్టులు వచ్చాక ఆ దుకాణం నడవలేదు. తండ్రి పోయాక మల్లికార్జున్ షట్టర్ దించేసి, హనుమకొండ నయీంనగర్‌లో పెట్టిన గృహసిరిలో చేరాడు. సరుకు తెలిసినవాడని, మనుషులతో మంచిగా మాట్లాడతాడని మూడేళ్లలో మేనేజర్‌ను చేశారు. తర్వాత కట్టమ్మ అక్కడికే ఊడ్చే పనికి వచ్చింది. అందరి ముందు "సారూ" అనేది. ఎవరూ లేనప్పుడు "చిన్నసేటూ" అనేది.

మేనేజర్ అని చొక్కా మీద బిళ్ల ఉంది గానీ, ఆ స్టోర్‌లో అతని మాట చెల్లేది ఏ మూలన అన్నది అతనికే అర్థం కాదు. సరుకు అమ్మే పనికి పిల్లలను తీసుకోవాలన్నా తీసేయాలన్నా హైదరాబాద్‌లో హెచ్ఆర్. ఏ సరుకు రావాలో, ఏ అరలో పెట్టాలో బెంగళూరు. లైట్లు, ఏసీలు, కూలర్లు ఫెసిలిటీస్ అని ఇంకో విభాగం. వాళ్లు స్టోర్లు నడిపే ఆపరేషన్స్ విభాగం మాట వినరు, వినాల్సిన పని కూడా లేదు, వాళ్ల పెద్ద వేరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఇంకొకరి కింద. అందరూ అతని కళ్ల ముందే తిరుగుతారు, ఒక్కరూ అతని మనుషులు కారు. అమ్మకాలు తగ్గితే మాత్రం ఫోన్ అతనికే వస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాడు. వరంగల్‌లో నాలుగు మార్టులకు, రెండు కాలేజీలకు ఊడ్చేవాళ్లను పెట్టేది అతనే.

"అన్నా, కార్డు సంగతి నాకు ఎర్కనే," అన్నాడు ఓంప్రకాశ్. "నేనేం జెయ్యాలె చెప్పు. మీ కంపెనీ కాంట్రాక్ట్ ఇచ్చింది బొంబాయోనికి. ఆ బొంబాయోడు హైదరాబాదోనికి ఇచ్చిండు. హైదరాబాదోడు నాకు ఇచ్చిండు. నేను మనిషిని తెచ్చి నిలవెడుత, అంతే. కటింగ్ పైసలు నా దగ్గర ఆగయి, పైకి పోతయి."

"పైకి పోయి ఏమైతానయ్?"

"గది నాకు జెప్పరన్నా. జీతాలే రెండు నెలల సంది లేటు. నా గాచారం నీకేం జెప్పుదు."

"ఆమె నాలుగు నెలలు కూసోవాలె ఓంప్రకాశ్. జీతం ఎట్ల మరి?"

"రానోళ్లకు జీతమెట్లిస్తరన్నా? రేపటి సంది ఇంకో మనిషిని పంపుత, మీకు ఫికర్ లేదు."

తర్వాత హెచ్ఆర్. అక్కడ హారిక అనే అమ్మాయి మాట్లాడుతుంది. ఎప్పుడు ఫోన్ చేసినా మర్యాద తప్పదు. ఆ మర్యాదే మల్లికార్జున్‌కు ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది.

"చాలా బాధగా ఉంది సర్. కానీ ఆమె మన రోల్స్‌లో లేరు. మన ఎంప్లాయీ కారు."

"మన డ్రెస్ ఏసుకుంటదమ్మా. మన మిషన్ల వేలు పెట్టి లోపలికొస్తది. నేను చెప్పిన కాడ ఊడుస్తది. మన కూలర్ నీళ్లల్లనే పడ్డది."

"సర్, ఆమెకు పని మీరు డైరెక్టుగా చెప్తారా?"

"మరెవ్వరు చెప్తరు?"

"అలా చెప్పకూడదు సర్. వాళ్ల సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ఆయన ఆమెకు చెప్పాలి. మీరే చెప్తే లీగల్‌గా మనకు ఇబ్బంది అవుతుంది."

"ఆ సూపర్‌వైజర్ నెలకోసారి వచ్చి చాయ్ తాగి పోతడమ్మా. పాల పాకెట్ పగిలితే నేను ఆయన కోసం నెల ఆగాల్నా?"

"నేను మీ ఫీలింగ్ అర్థం చేసుకోగలను సర్. ఒకసారి ఫెసిలిటీస్ వాళ్లను అడగండి, కాంట్రాక్ట్ వాళ్లదే."

ఫెసిలిటీస్ వాళ్లు కాంట్రాక్ట్ మాదే గానీ మనుషుల విషయం హెచ్ఆర్‌దే అన్నారు. కూలర్ సంగతి అడిగితే, ఆ ఫిర్యాదు మూసేసి ఉంది కాబట్టి అక్కడ లీకేజీ లేదనే లెక్క అన్నారు. మల్లికార్జున్ ఫోన్ పెట్టేసి, ఆ లేని లీకేజీ దగ్గరికి వెళ్లి, చీపురు తీసుకుని తనే నీళ్లు తోశాడు. క్యాష్ కౌంటర్ పిల్లలు చూసి చూడనట్టు తల తిప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇదంతా చెప్తుంటే భార్య పద్మ బియ్యం కడుగుతూ విన్నది. ఆమె ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. పదేళ్లుగా అదే కుర్చీ.

"నన్ను అడుగు చెప్త," అంది. "జీతం రాకపోతే మా సారు ఏజెన్సీని అడుగుమంటడు. ఏజెన్సోడు బడ్జెట్ రాలేదు, మీ సారునే అడుగుమంటడు. పొద్దుగాల ఫైల్ లేటైతే మాత్రం ఇద్దరికీ నేనే కనవడుత. మీది ప్రైవేటు, మాది సర్కారు. తేడా ఏం లేదు, మా దగ్గర ఫ్యాన్ జర పాతది."

"నవ్వులాట కాదు పద్మా. పని ఏడికి పోదని మాటిచ్చిన."

"మాట నువ్వెట్లిస్తవ్? అది నీ చేతుల ఉన్నదా?"

వంటయ్యాక అతను కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

మరో నెలకు జోనల్ హెడ్ రాజేశ్వర్ రావు స్టోర్ చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. తెలంగాణలో ఉన్న గృహసిరులన్నింటికీ ఆయనే పెద్ద. వారం రోజులు హడావిడి. అరలు తుడిచారు, గుమ్మానికి పూలు కట్టారు. ఎన్నడూ రాని కూలర్ మెకానిక్ ముందు రోజే వచ్చి అరగంటలో పైపు మార్చి పోయాడు. మల్లికార్జున్ అతని వెనకే నిలబడి ఆ అరగంటా చూశాడు. చిన్న రబ్బరు గొట్టం, అంతే.

రాజేశ్వర్ రావు మంచిగానే మాట్లాడాడు. భుజం మీద చెయ్యి వేసి, స్టోర్ బాగుంది అన్నాడు. ఆయన కారెక్కబోతుంటే మల్లికార్జున్ ధైర్యం చేశాడు.

"సార్, ఒక్క నిమిషం. మా దగ్గర ఊడ్చే ఆమె డ్యూటీల పడి కాలు విరగ్గొట్టుకున్నది. ఏజెన్సీ పట్టించుకుంటలేదు. జీతం లేదు, ఈఎస్ఐ లేదు. మీరు ఒక్క మాట చెప్తే అయిపోతది సార్."

"అరె, ఇంత పెద్ద విషయం ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదు?" ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "ఇవ్వాళే నాకు మెయిల్ పెట్టు. పర్సనల్‌గా చూస్తా."

మల్లికార్జున్ ఆ సాయంత్రం భోజనం మాట మరిచి మెయిల్ రాశాడు. రాజేశ్వర్ రావు దాన్ని హెచ్ఆర్ పెద్దకు పంపాడు. హెచ్ఆర్ పెద్ద ఫెసిలిటీస్ పెద్దకు, ఆయన ఆపరేషన్స్‌కు, ఆపరేషన్స్‌లో ఉన్నాయన ఏరియా మేనేజర్‌కు పంపారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క రాశారు: దయచేసి చూడండి, దయచేసి త్వరగా చూడండి. పది రోజులు తిరిగి తిరిగి అది మల్లికార్జున్ దగ్గరికే వచ్చింది. పైన ఏరియా మేనేజర్ రాసిన ముక్క: "మల్లికార్జున్, ఇది మీ స్టోర్ విషయం. పరిష్కరించి శుక్రవారం లోపు క్లోజ్ చేయగలరు."

అతను దాన్ని రెండుసార్లు చదివి లేచి నిలబడ్డాడు. ఎవరి మీద అరవాలో తెలిస్తే అరిచేవాడే. స్టోర్ వెనక గదిలో పాత అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. ఒకదాన్ని కాలితో తన్నాడు. అందులో సబ్బులు ఉన్నట్టున్నాయి, బొటనవేలు వాచింది.

శుక్రవారం వచ్చింది, పోయింది. ఆ తర్వాతి వారం లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కట్టమ్మ ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు ఎవరి మీదా అని చూస్తే, ఏజెన్సీ పేరు కింద ఉంది. పైన మాత్రం గృహసిరి మార్ట్, నయీంనగర్, మేనేజర్ మల్లికార్జున్. స్టోర్ రిజిస్ట్రేషన్ అతని పేరు మీదనే ఉంది. మేనేజర్ అయిన రోజు పెట్టిన సంతకాల్లో అదొకటి.

నోటీసు ఇంటికి తీసుకెళ్లి పద్మ ముందు పడేశాడు. "చూసినవా? దవాఖానకు మోసుకుపోయిన. ఊళ్లె ఉన్నోళ్లందరి కాళ్లు పట్టుకున్న. నా మీద కేసేసింది!"

పద్మ నోటీసు చూసి, కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

"మహిపాల్‌ను లేబర్ ఆఫీసుకు పొమ్మన్నది నేనే," అంది.

"నువ్వా?"

"ఏజెన్సీ మీద కేసయితదనుకున్న. మా ఆఫీసుల ఒకామెకు గట్లనే పనైంది. నీ పేరు మీదికి వస్తదని నాకేం ఎర్క? ఆ స్టోర్‌ల ఒక్క బల్బు మార్చనీకి లేదంటివి. కేసుకు మాత్రం నువ్వే దొరుకుతవని ఎవరికి ఎర్క?"

అతనికి కోపం వచ్చింది. అది ఆమె మీద నిలబడలేదు. రాత్రి అన్నం ఇద్దరూ సరిగ్గా తినలేదు.

కంపెనీ మాత్రం ఈసారి వెంటనే కదిలింది. మర్నాడే హైదరాబాద్ నుంచి వకీలు వీడియోలో మాట్లాడాడు. పక్కన హారిక కూడా ఉంది.

"చాలా సింపుల్ మల్లికార్జున్ గారు. ఆమె మా ఎంప్లాయీ కాదు, ఏజెన్సీ మనిషి, ఆమెకు పని చెప్పేది ఏజెన్సీ సూపర్‌వైజర్. ఈ మూడు మాటలే. నాలుగో మాట వద్దు."

"సూపర్‌వైజర్ చెప్పడు సార్. నేనే చెప్త."

"అదే నాలుగో మాట," అన్నాడు వకీలు.

విచారణ రోజు లేబర్ ఆఫీసు వరండాలో కట్టమ్మ చేతికర్రతో కూర్చుని ఉంది. కాలు ముందుకు చాపుకుంది. మల్లికార్జున్‌ను చూసి తల దించుకుంది. ఓంప్రకాశ్ వచ్చాడు. అతని పైన ఉన్న హైదరాబాదోడు రాలేదు, బొంబాయోడి పేరు పిలిస్తే పలికేవాళ్లు లేరు. లేబర్ ఆఫీసర్ సదానందం పెద్ద మనిషి, గొంతు లేపకుండా మాట్లాడతాడు.

"మేనేజర్ గారూ, ఈమె మీ మనిషేనా?"

"ఏజెన్సీ మనిషి సార్."

"సరే. ఆ రోజు కూలర్ కాడికి పొమ్మని ఈమెకు ఎవరు చెప్పిండ్రు?"

మల్లికార్జున్ వకీలు చెప్పిన మూడో మాట కోసం నోరు తెరిచాడు. కట్టమ్మ తల ఎత్తలేదు. నేల మీద ఏదో గీత చూస్తున్నది. ఆమె ఏమీ అడగలేదు. నిజంగా అడిగి ఉంటే అబద్ధం చెప్పగలిగేవాడేమో.

"నేనే సార్," అన్నాడు. "రోజు నేనే చెప్త. కూలర్ కారుతాందని నాకు తెలుసు. బకెట్ నిండితే పారబొయ్యిమని నేనే చెప్పిన."

వకీలు తరఫున వచ్చిన కుర్రవాడు ఫోన్ తీసుకుని గబగబా బయటికి వెళ్లాడు. సదానందం మాత్రం రాసుకుంటూ, "మంచిది. ఇప్పుడు దారి దొరికింది," అన్నాడు.

ఆ తర్వాత పని నిజంగానే దారిలో పడింది. పని చెప్పింది మార్ట్ మేనేజరే కాబట్టి ఏజెన్సీ ఇవ్వకపోతే మార్టే ఇవ్వాలని సదానందం తేల్చాడు. కంపెనీ బొంబాయోడి బిల్లు ఆపింది. ఆపిన వారంలోనే కట్టమ్మకు కూర్చున్న నెలల జీతం, మందుల ఖర్చు వచ్చాయి, కార్డు కూడా నడవడం మొదలైంది. ఎవరి చేతిలోనూ లేదని అందరూ చెప్పిన పని, ఒక బిల్లు ఆగేసరికి అయిపోయింది. ఇదే మొదటి రోజే ఎందుకు కాలేదని మల్లికార్జున్ తనను తాను అడుగుతూనే ఉన్నాడు.

కంపెనీ అతన్ని తీసేయలేదు. సంస్థ తరఫున మాట్లాడే అధికారం లేకుండా మాట్లాడారని ఒక హెచ్చరిక ఇచ్చి, తొర్రూరులో కొత్తగా పెట్టిన చిన్న స్టోర్‌కు బదిలీ చేసింది. రోజూ బస్సులో పోవడం, బస్సులో రావడం.

సెలవు రోజున కట్టమ్మను చూడటానికి కరీమాబాద్ వెళ్లాడు. ఆమె కర్ర లేకుండానే నడుస్తోంది, కొంచెం కుంటుతోంది. సంతోషంగా ఎదురొస్తుందనుకున్నాడు. రాలేదు.

"పైసలొచ్చినయ్. ఆటో కిస్తీ కట్టిండు మహిపాల్," అంది. "పనికి పోతే గేటు కాడనే నిలవెట్టిండ్రు. ఏజెన్సీ మారిందట. ఈ కొత్తోడు కాలు మంచిగ లేనోళ్లను తీసుకోడట. పని ఏడికి పోదంటివి గద చిన్నసేటూ."

"నేను ఆడ లేను కట్టమ్మా ఇప్పుడు."

"ఉన్నప్పుడు మాత్రం?" అని, వెంటనే ఆ మాటకు తనే ఇబ్బంది పడ్డట్టు గడప మీద కూర్చుంది. "నిన్ననుడు కాదు. నాకు సమజ్ గాదు గంతే. మీ నాయినతోని కొట్లాడి మళ్ల పొద్దుగాల పనికి పోయేదాన్ని. ఈళ్లతోని కొట్లాడదామంటే ఒక్కడు కనవడడు. నువ్వు జెప్పిన ఆ కార్ల వచ్చిన పెద్దసారు పేరేంది? హైదరాబాద్‌ల ఏడ కూసుంటడు? మహిపాల్ తీస్కపోతడు. నేనే పోయి అడుగుత."

మహిపాల్ కూతురు లోపలినుంచి చాయ్ తెచ్చి ఇచ్చింది. మల్లికార్జున్ గ్లాసు అందుకుని చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

"రాజేశ్వర్ రావు," అన్నాడు చివరికి. "ఆయన లేడు. పోయిన నెలనే వేరే కంపెనీకి పోయిండు."

"ఆయన జాగల ఎవలున్నరు?"

"ఇంకా ఎవర్నీ పెట్టలేదు."

కట్టమ్మ అతని మొహంలోకి చూసింది. దాచిపెడుతున్నాడేమోనని అనుమానం ఉన్నట్టుంది, కాసేపటికి అది కూడా పోయింది. వీధి చివర కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్‌లో గిన్నెలు తోమడానికి మనుషులను అడుగుతున్నారని, రేపు పోయి చూస్తానని చెప్పింది. అక్కడ ఎవరి కింద పనో అడిగావా అని అతను అడగబోయి మానుకున్నాడు. చాయ్ తాగి, గ్లాసు గడప పక్కన పెట్టి, తొర్రూరు స్టోర్‌కు మర్నాడు పొద్దున ఏడింటికే సరుకు లారీ వస్తుందని చెప్పి లేచాడు.